ఫీజు డబ్బు వేరు, కాలేజీ డబ్బు వేరు

(హన్మకొండలో సాంకేతిక విద్య మీద జరిగిన ఒక సభలో రిటైరైన పాలిటెక్నిక్ మెకానికల్ లెక్చరర్ ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి నాయనా, మొహమాటం ఎందుకు.

నేను ఒక వస్తువు తెచ్చాను. ఇదిగో, ఈ ఇనుప ముక్క. మొదటి వరసలో అమ్మా, మీరు తీసుకోండి, చూసి పక్కవాళ్లకి ఇవ్వండి, అట్లా చివరి వరస దాకా పోనివ్వండి. మళ్లీ నాకు తెచ్చివ్వండి కానీ. పదేళ్ల నుంచి దాచుకున్నాను దాన్ని.

పాలిటెక్నిక్‌లో చదివినవాళ్లకి చూడగానే తెలిసిపోతుంది అదేంటో. ఫిట్టింగ్ షాపులో మొదటి సంవత్సరం పిల్లలకి ఇచ్చే ఎంఎస్ ఫ్లాట్ ముక్క. మైల్డ్ స్టీలు. ఆరు మిల్లీమీటర్ల మందం, 50 బై 50 సైజు. ఒక్కో పిల్లవాడికి రెండు ముక్కలు ఇవ్వాలి. ఒకదాంట్లో వీ ఆకారంలో గాడి కొయ్యాలి, ఇంకోదానికి ఆ గాడిలో కూర్చునే ముక్కు తయారు చెయ్యాలి. రెండూ కలిపి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలోంచి వెలుగు కనపడకూడదు. అదీ పరీక్ష. చేతికి ఆకురాయి పట్టడం వస్తే తప్ప ఆ పని రాదు. మొదటి రోజు అందరికీ బొబ్బలొస్తాయి. మూడో వారానికి చెయ్యి దారిలోకి వస్తుంది, ఎక్కడ ఎంత నొక్కాలో చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ముక్క ఎంతుందో చూశారా? 50 లేదు. నేను వెర్నియర్ పెట్టి కొలిచాను, 31 ఉంది. ఎందుకు తగ్గింది? మేం ఏటా ఇండెంట్, అంటే ఫలానా సరుకు కావాలన్న కాగితం, పెట్టేవాళ్లం, 60 మందికి 120 ముక్కలు కావాలని. వచ్చేది 30. ఒక్కోసారి అదీ రాదు. అప్పుడేం చేసేవాళ్లం? నలుగురికి ఒక జత ఇచ్చేవాళ్లం. ఒకడు చేస్తుంటే ముగ్గురు చూడాలి. ఆ ఏడు అయిపోయాక ఆ ముక్కలు పారెయ్యం కదా, తరవాతి బ్యాచ్‌కి మళ్లీ అవే. పాత గాడి కోసేసి, అంచులు మళ్లీ సాపు చేసి, కొత్త గాడి. ఆ ఏడు కూడా అంతే. ఆ పై ఏడూ అంతే. మీ చేతుల్లో ఉన్న ముక్క మీద ఎనిమిది బ్యాచ్‌లు పని నేర్చుకున్నాయి. చివరికి వైస్‌లో పట్టుకోవడానికి కూడా అందక పక్కన పెట్టేశాం. నేను రిటైరైన రోజు దాన్ని జేబులో వేసుకుని వచ్చాను.

ఆ ఎనిమిదేళ్లూ ఈ రాష్ట్రంలో సాంకేతిక విద్యకి ప్రభుత్వం డబ్బు పెట్టలేదా? పెట్టింది. వేల కోట్లు పెట్టింది. మరి ఆ ఇనుప ముక్క ఎందుకు రాలేదు? ఇవాళ నేను మాట్లాడదామని వచ్చింది ఈ ఒక్క ప్రశ్న గురించే.

ఇక్కడ హన్మకొండలో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి, మన పక్కనే ఉన్న కాజీపేట దారిలో నుంచే మొదలుపెడతాను. మన ఆర్‌ఈసీ, ఇప్పుడు ఎన్‌ఐటీ అంటున్నాం, 1959 అక్టోబరు 10న నెహ్రూ గారు వచ్చి శంకుస్థాపన చేశారు. దేశంలో మొట్టమొదటి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ అది. దానికి డబ్బు ఎట్లా ఏర్పాటు చేశారో ఒకసారి గుర్తుచేసుకుందాం. కట్టడాలకి, యంత్రాలకి అయ్యే ఖర్చు కేంద్రానిది. ఏటా నడవడానికయ్యే ఖర్చు కేంద్రం సగం, రాష్ట్రం సగం. సీట్లు సగం మన రాష్ట్రం పిల్లలకి, సగం బయటి రాష్ట్రాల పిల్లలకి. లెక్క చూడండి ఎంత శుభ్రంగా ఉందో. అందులో ఎక్కడా ఒక్కో పిల్లవాడి తలకి ఇంత అని లేదు. ఒక కాలేజీ నడవాలంటే ఏమేం కావాలి? ఫౌండ్రీ కావాలి, హైడ్రాలిక్స్ ల్యాబ్ కావాలి, పాఠం చెప్పేవాడు కావాలి, ఆ ల్యాబ్‌లో మోటారు కాలిపోతే బాగుచేసేవాడు కావాలి. దానికి ఇంత అవుతుంది, ఇదిగో ఇంత ఇస్తున్నాం. అంతే. దానికి ముందు 1946లో మొదలైన కాకినాడ, అనంతపురం కాలేజీలూ అంతే. వాటిని, హైదరాబాద్ దాన్ని కలిపి 1972లో జేఎన్‌టీయూ చేసినప్పుడూ అంతే. తక్కువ కాలేజీలు, తక్కువ సీట్లు, అది నిజం. మా ఊరి నుంచి నా కంటే ముందు ఇంజనీరింగ్ గడప తొక్కినవాడు లేడు. ఆ రోజులు మహా గొప్పవని నేను చెప్పడం లేదు. సీటు రానివాడు పొలం అమ్మి కర్ణాటక పోయి డొనేషన్ కట్టి చదివేవాడు, అమ్మడానికి పొలం లేనివాడు అసలు చదివేవాడే కాదు.

1983లో మన రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజుని, అంటే ఆ డొనేషన్లని, నిషేధిస్తూ చట్టం వచ్చింది. మంచి చట్టం. కానీ సీట్లు చాలవు, ప్రభుత్వం దగ్గర కొత్త కాలేజీలు కట్టే డబ్బు లేదు. అందుకని ప్రైవేటు వాళ్లకి అనుమతులు. సరే, ప్రైవేటు కాలేజీలో పేద పిల్లవాడికి ఫీజు ఎవరు కట్టాలి? దీని మీద దేశంలో పెద్ద తీర్పు వచ్చింది మన కేసులోనే, ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 1993. సగం సీట్లు ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. ఇక్కడ నా వయసువాళ్లు ఉన్నారు, ఆ మాటలు బాగా గుర్తుంటాయి. ఫ్రీ సీటా, పేమెంట్ సీటా అని పెళ్లిచూపుల్లో కూడా అడిగేవాళ్లు. అంటే ఏంటి? డబ్బున్న పిల్లవాడు ఎక్కువ కడితే, ఆ డబ్బుతో పేద పిల్లవాడు చదువుతాడు.

2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీలు కూర్చుని, ఇది కుదరదన్నారు. ఒకడి చదువు ఖర్చు ఇంకొకడి నెత్తిన వెయ్యడం న్యాయం కాదన్నారు. ఆ మరుసటి ఏడు ఫీజులు తేల్చడానికి రాష్ట్రాల్లో రిటైర్డ్ జడ్జీలతో కమిటీలు వచ్చాయి. కాలేజీకి అయ్యే ఖర్చు లెక్కగట్టి ఫీజు ఖాయం చేస్తారు. అది అందరికీ ఒకటే. మంచిదే. కానీ పేద పిల్లవాడి ఫీజు ఎవరు కట్టాలన్న ప్రశ్న మళ్లీ అక్కడే ఉండిపోయింది. దానికి జవాబుగా వచ్చిందే 2008లో రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం పెట్టిన ఫీజు రీయింబర్స్‌మెంట్. అంటే పేద పిల్లవాడి ఫీజు ప్రభుత్వమే కాలేజీకి కడుతుంది.

ఒక మాట గట్టిగా చెప్తాను, తరవాత నన్ను ఎవరూ తప్పు పట్టకూడదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసెయ్యాలని నేను అనను. ఎవరన్నా అన్నా ఒప్పుకోను. ఈ హాల్లో ఎంతమంది ఆ పథకం మీద చదివారు? చేతులెత్తండి. చూశారా. సగం హాలు లేచింది. కూలికి పోయే అమ్మ కొడుకు, గీత కార్మికుడి బిడ్డ, తండాలో పుట్టిన పిల్ల ఇంజనీర్లయ్యారంటే అది ఆ పథకం వల్లే. నా దగ్గర డిప్లొమా చదివి, ఈసెట్ రాసి, లేటరల్ ఎంట్రీలో బీటెక్ రెండో సంవత్సరంలో చేరి, ఇవాళ బయటి దేశాల్లో పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. పండక్కి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ వచ్చినప్పుడు నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

నేను చెప్పేది వేరు. ఫీజు డబ్బు వేరు, కాలేజీ డబ్బు వేరు. పిల్లవాడి ఫీజు కట్టడం ఒక పని. కాలేజీని నిలబెట్టడం ఇంకో పని. మన ప్రభుత్వాలు, ఈ పార్టీ ఆ పార్టీ అని కాదు, అన్నీ, మొదటి పని చేసి రెండో పని కూడా అయిపోయిందనుకున్నాయి.

తలకి ఇంత అంటే ఏమవుతుంది

కొంచెం ఓపిగ్గా వినండి, ఇదే అసలు విషయం.

ప్రభుత్వం డబ్బు సీటు వెంట పోతుంది. తలకి ఇంత. మెకానికల్ పిల్లవాడికీ అంతే, కంప్యూటర్ సైన్స్ పిల్లవాడికీ అంతే. ఇప్పుడు మీరు ఒక కాలేజీ యజమాని అనుకోండి. మెకానికల్ పెట్టాలంటే ఏం కావాలి? లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు, షేపర్, వెల్డింగ్ షాపు, ఫౌండ్రీ, థర్మల్ ల్యాబులో ఇంజిన్లు. కరెంటు బిల్లు, నూనె, ఎలక్ట్రోడ్లు, ఇనుము. ఇనుము ఏటా కొనాలి, ఏటా అయిపోతుంది. కంప్యూటర్ సైన్స్‌కి? ఒక పెద్ద హాలు, బల్లలు, సిస్టమ్స్, ఏసీ, నెట్. అది కూడా ఖర్చే, కాదనను. కానీ దీనికీ దానికీ పోలికే లేదు. వచ్చే ఫీజు రెండిటికీ ఒకటే. ఏది పెడతారు?

2024–25 నుంచి ఏఐసీటీఈ, అంటే సాంకేతిక కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ, ఒక్కో బ్రాంచికి ఇన్నే సీట్లనే పరిమితి తీసేసింది. దానికి ముందు 2020 నుంచి కొత్త ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులు ఆపింది. అప్పటికే సీట్లు చాలా మిగిలిపోతున్నాయని మన హైదరాబాద్ వాళ్లే, బీవీఆర్ మోహన్ రెడ్డి గారి కమిటీ చెప్పాక ఆపింది. తరవాత అదీ ఎత్తేశారు. ఏమైంది? సివిల్ సీట్లు తగ్గించుకుని, మెకానికల్ సీట్లు తగ్గించుకుని, కంప్యూటర్ సీట్లు పెంచుకుంటామని కాలేజీలు క్యూ కట్టాయి. నేను ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఏళ్ల తరబడి వెళ్లేవాణ్ణి. ఒక ఏడు వెళ్లేసరికి వర్క్‌షాపు షెడ్డు లేదు. ఆ షెడ్డు ఉన్నచోటే ఏసీ ల్యాబు. లేత్‌లు ఏవండీ అంటే, ప్రహరీ గోడ పక్కన టార్పాలిన్ కప్పి పెట్టారు. టార్పాలిన్ ఎత్తి చూశాను. బెడ్ మీద తుప్పు, వేలు పెడితే ఎర్రగా అంటుకుంది. ఆ బెడ్‌ని వందో వంతు మిల్లీమీటరు తేడా రాకుండా గ్రైండ్ చేసి ఉంటారు ఫ్యాక్టరీలో. ఆ రోజు నేను భోజనం చెయ్యలేకపోయాను.

ఆ యజమానిని తిట్టడం చాలా తేలిక. కానీ అతను చేసింది ప్రభుత్వం డబ్బు ఇచ్చే పద్ధతిలోనే రాసిపెట్టి ఉంది. తలకి ఇంత అని డబ్బిస్తే, ఏ తలకి తక్కువ ఖర్చో ఆ తలలు పెరుగుతాయి. మరి రేపు ఈ రాష్ట్రంలో వంతెన కట్టేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? టర్బైన్ చూసుకునేవాడు? ఫ్యాక్టరీలో టూల్ రూము నడిపేవాడు? అది కాలేజీ యజమాని ఆలోచించే విషయం కాదు. ప్రభుత్వం ఆలోచించాలి. ఆలోచించాలంటే దాని చేతిలో ఉన్నది డబ్బు ఇచ్చే పద్ధతి ఒక్కటే, ఆ పద్ధతేమో ఇట్లా ఉంది.

ఇంకోటి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు 700 దాకా పోయాయి. ఊరికొకటి. చెరువు గట్టు మీద ఒకటి, పత్తి చేను మధ్యలో ఒకటి. వాటిలో పాఠాలు చెప్పేవాళ్లు ఉన్నారా అని 2014లో జేఎన్‌టీయూ హైదరాబాద్ వాళ్లు గట్టిగా తనిఖీ చేస్తే చాలా కాలేజీలకి, చాలా బ్రాంచిలకి ఆ ఏడు గుర్తింపు రాలేదు. పదిహేను మందికి ఒక అధ్యాపకుడు ఉండాలన్నది అప్పటి లెక్క. 2018 నుంచి దాన్ని ఇరవై మందికి ఒకరు అన్నారు. పాటించలేని నియమాన్ని పాటించగలిగేలా సడలించారు. వినడానికి చిన్న మార్పే. కానీ ఒక్కో కాలేజీలో అధ్యాపకుల్లో నాలుగో వంతు మంది అక్కర్లేకుండా పోయారు. లెక్క కట్టి చూడండి, 300 మంది పిల్లలకి 20 మంది ఉండాల్సిన చోట 15 మంది చాలు.

బకాయి ఎవరి మెడకి చుట్టుకుంటుంది

ఇక బకాయిల సంగతి, అంటే ప్రభుత్వం కాలేజీలకి కట్టాల్సి ఉండి కట్టని ఫీజు డబ్బు. మన దగ్గర 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలన్నీ బంద్ పెట్టాయి, మీ అందరికీ గుర్తుంది. పరీక్షలు కూడా ఆగిపోయాయి. అప్పుడు పేపర్లలో అంతా ఇన్ని వేల కోట్లు, అన్ని వేల కోట్లు అని రాశారు. వేల కోట్లంటే మనకి ఏం అర్థమవుతుంది? నేను మీకు 70 వేల రూపాయల కథ చెప్తాను.

మా పక్కూరి అబ్బాయి. నా దగ్గరే డిప్లొమా. బీసీ కుటుంబం, నాన్న లేడు, అమ్మ బీడీలు చుడుతుంది. ఈసెట్‌లో సీటొచ్చి ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. పేరు చెప్పను, ఆ కాలేజీ ఒక్కటే కాదు ఇట్లా చేసేది. బీటెక్ అయిపోయింది, పుణె దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరడానికి పదిహేను రోజుల టైము, ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మన్నారు. కాలేజీకి వెళితే ఏమన్నారు? రెండేళ్ల ఆర్‌టీఎఫ్, అదే ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు, మాకు రాలేదు బాబూ, ఏడాదికి 35 వేలు, మొత్తం 70 వేలు కట్టు, సర్టిఫికెట్లు తీసుకో, ప్రభుత్వం ఇచ్చాక నీ డబ్బు నీకు ఇస్తాం.

నిజానికి సర్టిఫికెట్లు ఆపడానికి వీల్లేదు. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, ఏఐసీటీఈ కూడా చెప్పింది. ఆ కాగితం నేను ప్రింటు తీసుకుని ఆ అబ్బాయితో కాలేజీకి వెళ్లాను. ప్రిన్సిపాల్ నాకు తెలిసిన మనిషే. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, తలుపేసి, సార్ మా స్టాఫ్‌కి అయిదు నెలల నుంచి జీతాలు లేవు, వాళ్లు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుని ఇళ్లు గడుపుకుంటున్నారు, నేను ఏ మొహం పెట్టుకుని మేనేజ్‌మెంట్‌ని అడగను అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చేతిలో కాగితం చేతిలోనే ఉండిపోయింది.

ఆ అమ్మ మెడలో ఉన్నది కుదువ పెట్టింది. పసుపుతాడు కట్టుకుంది. 70 వేలకి నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకి 1,400. ప్రభుత్వం డబ్బు కాలేజీకి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వచ్చాక కాలేజీవాళ్లు మాట ప్రకారం 70 వేలు తిరిగి ఇచ్చారు, అబద్ధం చెప్పకూడదు. మరి పద్నాలుగు నెలల మిత్తి? 19,600. ఆ 19,600 ఎవరిస్తారు? ప్రభుత్వం పుస్తకాల్లో చూస్తే ఆ పిల్లవాడికి ఉచిత విద్య. ఆ అమ్మ ఎన్ని వేల బీడీలు చుడితే 19,600 అవుతాయో మీలో బీడీలు చుట్టే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి తెలుసు.

అసలు ఆ డబ్బు ఎక్కడ ఆగుతుంది? బడ్జెట్‌లో రాస్తారు. అసెంబ్లీ పాస్ చేస్తుంది. ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్‌లో పిల్లవాడు దరఖాస్తు పెడతాడు, వేలిముద్ర వేస్తాడు, కాలేజీ హాజరు పంపుతుంది, 75 శాతం ఉండాలి. సంక్షేమ శాఖ మంజూరు చేస్తుంది. బిల్లు ట్రెజరీకి పోతుంది, టోకెన్ నంబరు వస్తుంది. అక్కడ ఆగుతుంది. టోకెన్ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టేనని బయటివాళ్లు అనుకుంటారు. టోకెన్ అంటే వరసలో నిలబడ్డావని చీటీ. అంతే. ముందు జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు పోతాయి. మిగిలినప్పుడు ఇది. నేను అడిగేది ఇదీ: పిల్లల ఫీజు కూడా ఫలానా నెల ఫలానా తేదీ అని ఎందుకు ఉండకూడదు? జీతం మొదటి తారీఖున రావాలని మేం ఉద్యోగులం కొట్లాడి సాధించుకున్నాం కదా. పిల్లలకి సంఘం లేదు కాబట్టేనా?

ఆంధ్రాలో 2019 తరవాత ఇంకో పద్ధతి పెట్టారు. పూర్తి ఫీజు ఇస్తామని, ఆ డబ్బు తల్లుల ఖాతాలో వేసి, వాళ్లే కాలేజీకి కట్టాలన్నారు. తల్లికి కాలేజీని అడిగే ధైర్యం వస్తుందన్నది ఉద్దేశం, ఆ ఆలోచనని నేను గౌరవిస్తాను. కానీ డబ్బు ఆలస్యమైతే? అప్పుడు కాలేజీ ప్రభుత్వాన్ని అడగదు, తల్లినే అడుగుతుంది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. ఖాతా ఎవరిదన్నది కాదు సమస్య, తేదీ ఎప్పుడన్నది.

మన తెలంగాణలో ఇంకో చిక్కు ఉంది. ఎంట్రన్స్‌లో ర్యాంకు పదివేలు దాటిన బీసీ పిల్లలకి ప్రభుత్వం ఇచ్చేది 35 వేలే. పదేళ్లు దాటింది ఆ అంకె మారి. పెద్ద కాలేజీల్లో ఫీజులు లక్ష దాటి ఎప్పుడో పోయాయి. మిగతాది అమ్మానాన్నలు కట్టుకోవాలి. పదేళ్ల కింద బియ్యం ధర ఎంత, ఇవాళ ఎంత?

సరే, మళ్లీ మన సర్కారు పాలిటెక్నిక్‌కి వద్దాం. నా మనసంతా అక్కడే ఉంది, దాచుకోవడం ఎందుకు.

సర్కారు పాలిటెక్నిక్‌లో ఫీజు కొన్ని వేలే. అట్లాగే ఉండాలి. పదో తరగతి పాసై పాలిసెట్ రాసి వచ్చే పిల్లలు, సగం మంది హాస్టల్ పిల్లలు. అందుకని అక్కడ ఫీజు మీద కాలేజీ నడవదు, నడవకూడదు. బడ్జెట్ మీద నడవాలి. బడ్జెట్‌లో జీతాలు పోను మిగిలేదానితో ల్యాబులు నడవాలి. జీతాలు కూడా ఎవరికి? పర్మనెంటు పోస్టులు ఖాళీ అయితే నింపకుండా కాంట్రాక్టు, గెస్టు అని పెట్టారు. గెస్టు లెక్చరర్‌కి పీరియడ్‌కి ఇంత. వేసవి సెలవుల్లో ఏమీ లేదు. అతను వర్క్‌షాపు మీద ప్రేమ పెంచుకోవాలంటే ఎట్లా పెంచుకుంటాడు చెప్పండి? వచ్చే జూన్‌లో తను ఉంటాడో లేడో తనకే తెలియదు.

నా సర్వీసులో ఒక సంగతి. మా షాపులో ఒక హెచ్‌ఎంటీ లేత్ ఉండేది. డెబ్భైల్లో కొన్నది, బంగారం లాంటి మిషను, నలభై ఏళ్లు పని చేసింది. ఒకరోజు మోటారు కాలిపోయింది. వైండింగ్ చేయిస్తే కొన్ని వేల పని. మా ప్రిన్సిపాల్‌కి అంత ఖర్చు పెట్టే అధికారం లేదు. పై ఆఫీసుకి రాశాం. కొటేషన్లు మూడు కావాలన్నారు, పంపాం. పంపినవి పాతబడ్డాయి, కొత్తవి పంపమన్నారు, పంపాం. పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో ఒక బ్యాచ్ మొత్తం టేపర్ టర్నింగ్, అంటే కడ్డీని ఒక చివరికి సన్నబడేలా లేత్ మీద చెక్కడం, బోర్డు మీద నేర్చుకుని వెళ్లిపోయింది. నేను బొమ్మ గీసి చూపించాను, సుద్దముక్కతో. ఇప్పటికీ ఆ బ్యాచ్ పిల్లలు ఎక్కడన్నా కనపడితే నాకు మనసులో తప్పు చేసినట్టు ఉంటుంది.

అందుకే నేను అడిగేది పెద్ద పెద్ద ప్రాజెక్టులు కాదు. ప్రాజెక్టులు చాలా చూశాం. ప్రపంచ బ్యాంకు సాయంతో టెక్విప్ అని మూడు విడతలు నడిచింది. పరికరాలు వచ్చాయి, చాలా కాలేజీలు బాగుపడ్డాయి, కాదనను. మూడో విడతలో చాలా మంచి పని చేశారు, ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో ఎంటెక్‌లు, పీహెచ్‌డీలు చేసినవాళ్లని 1,200 మందికి పైగా తీసుకుని వెనకబడ్డ రాష్ట్రాల కాలేజీలకి పంపారు. వాళ్లు వెళ్లారు, పాఠాలు చెప్పారు, ల్యాబులు లేపారు. 2021 సెప్టెంబరులో ప్రాజెక్టు అయిపోయింది. వాళ్లని ఇంటికి పంపేశారు. ఆ ల్యాబులు ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు?

ఇప్పుడు మెరైట్ అని కొత్తది వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 4,200 కోట్లు, అందులో సగం ప్రపంచ బ్యాంకు అప్పు. 275 సంస్థలకి, 175 ఇంజనీరింగ్ కాలేజీలు, 100 పాలిటెక్నిక్‌లు, అయిదేళ్లు. భాగించి చూస్తే సగటున ఒక్కో సంస్థకి ఏడాదికి మూడు కోట్ల చిల్లర పడుతుంది. దేశం మొత్తానికి వంద పాలిటెక్నిక్‌లే కాబట్టి మన రాష్ట్రానికి ఎన్ని వస్తాయో చూడాలి. వస్తే మంచిదే, తెచ్చుకోవాలి, మన అధికారులు దాని మీద గట్టిగా కూర్చోవాలి. కానీ అయిదేళ్ల తరవాత? కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ మిషను వస్తుంది, దానికి టూల్ ఇన్సర్టులు ఏటా కొనాలి, కూలెంట్ కొనాలి, ఏఎంసీ, అంటే ఏడాది మరమ్మతుల కాంట్రాక్టు డబ్బు, కట్టాలి. అది ప్రాజెక్టులో ఉండదు. మన ఐటీఐల్లో కూడా 65 ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా, మారుస్తున్నారు, నేను వెళ్లి ఒకటి చూశాను, కళ్లు చెదిరిపోయాయి, రోబోలు ఉన్నాయి. చాలా సంతోషపడ్డాను. బయటికి వస్తూ అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌ని ఒకే ఒక ప్రశ్న అడిగాను, తమ్ముడూ, కన్స్యూమబుల్స్‌కి, అదే వాడితే అయిపోయే సరుకుకి, ఏటా ఎంతిస్తారు అని. అతను నా మొహంలోకి చూసి, సార్, మీరు పాలిటెక్నిక్‌లో చేశారా అన్నాడు.

మరి ఏం చెయ్యాలి అంటారు. నాకు తోచింది చెప్తాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండాలి, తేదీ ప్రకారం ఉండాలి, ఆలస్యమైతే ఆ మిత్తి ప్రభుత్వమే కట్టాలి. దానికి పక్కన, దాన్ని ముట్టుకోకుండా, ప్రతి సర్కారు పాలిటెక్నిక్‌కి, యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీకి ముడిసరుకు, మరమ్మతుల పద్దు వేరేగా ఉండాలి. బ్రాంచిని బట్టి ఉండాలి, మెకానికల్‌కి ఎక్కువ, సివిల్‌కి ఎక్కువ. జూన్‌లో కాలేజీ తెరవక ముందే ప్రిన్సిపాల్ చేతిలో ఉండాలి. మోటారు వైండింగ్‌కి ప్రిన్సిపాల్ సంతకం చాలాలి. దానికి ప్రపంచ బ్యాంకు అక్కర్లేదు. ఇక పోస్టులు నింపాలి, ఆ మాట నేను చెప్పక్కర్లేదు, నా ముందు మాట్లాడిన మేడమ్ బాగా చెప్పారు.

ఎవరో చెయ్యి ఎత్తారు... చెప్పమ్మా. ఆ, ఆ, ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు కదా సార్ అంటోంది. మంచి ప్రశ్న. అమ్మా, ఇప్పుడు ఆ ఇనుప ముక్క ఎక్కడి దాకా వచ్చింది? నీ దగ్గరే ఉందా? దాని బరువు ఎంతుంటుందో చేతిలో పెట్టుకుని చూడు. 50 బై 50 కొత్త ముక్క 120 గ్రాములు కూడా ఉండదు. 60 మందికి రెండేసి ముక్కలంటే 14 కిలోల చిల్లర ఇనుము. ఈ ఊళ్లో ఇనుము కొట్టుకి పోయి 14 కిలోల ఫ్లాటు ఎంతని అడుగు. ఒక పిల్లవాడి ఒక్క ఏడాది ఫీజులో ఎన్నో వంతో నువ్వే చెప్పు.

టైము అయిపోయిందని నిర్వాహకులు చీటీ పంపారు. ఒక్క పని చెప్పి కూర్చుంటాను. బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద ఆర్‌టీఐ దరఖాస్తు నమూనా పెట్టాను, జిరాక్సులు తీయించాను, వంద ఉన్నాయి. అందులో రెండే ప్రశ్నలు రాశాను. మీ జిల్లా పాలిటెక్నిక్‌కి గత అయిదేళ్లలో వర్క్‌షాపు ముడిసరుకుకి ఎంత అడిగారు, ఎంత వచ్చింది? ఎన్ని మిషన్లు రిపేరులో ఉన్నాయి, ఏ తేదీ నుంచి? పది రూపాయలు ఫీజు. ఏ జిల్లా వాళ్లు ఆ జిల్లాది తీసుకెళ్లి పెట్టండి. జవాబు ముప్ఫై రోజుల్లో రావాలి. వచ్చిన కాగితం ఫొటో తీసి నాకు పంపండి, నా నంబరు నిర్వాహకుల దగ్గర ఉంది, నేను అన్నీ ఒకచోట రాసి పెడతాను.

ఆ ముక్క మాత్రం మర్చిపోకుండా ఇవ్వండి అమ్మా.